బానెట్ ఎత్తి కారు ఓనరే చూసుకోవాల్సినవి ఏమిటి?

మియాపూర్‌లో ఉండే ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. రోజూ గచ్చిబౌలి ఆఫీసుకి, సంక్రాంతికి ఇంటిల్లిపాదీ ఏలూరుకి. "బానెట్ ఎత్తితే ఏది ఏమిటో తెలియదు. సర్వీసులో ఏది చెబితే దానికి డబ్బు కట్టేస్తున్నాను. మెకానిక్ లేకుండా నేనే చూసుకోగలిగినవి ఏవి? ఎన్నాళ్లకోసారి చూడాలి?" అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పదిహేను రోజులకోసారి, పొద్దున బండి స్టార్ట్ చేయకముందు, ఐదు నిమిషాలు కేటాయించండి. ఇంజన్ ఆయిల్, కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), బ్రేక్ ఆయిల్, బ్యాటరీ టెర్మినల్స్ (తీగలు బిగించే చోట్లు), ఈ నాలుగూ చూడండి. ఫ్యాన్ బెల్టు, ఎయిర్ ఫిల్టర్, రబ్బరు పైపులు నెలకోసారి చాలు. దూర ప్రయాణం ఉంటే వారం ముందు అన్నీ ఒకసారి. పానాలు, స్క్రూడ్రైవర్లు కొనక్కర్లేదు. పాత కాటన్ గుడ్డ ఒకటి, ఫోన్ టార్చ్ ఉంటే సరిపోతుంది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మిగతా జవాబంతా దీని చుట్టూనే తిరుగుతుంది. ఏదైనా తగ్గితే నింపేసి మూత పెట్టకండి, ఎక్కడికి పోయిందో అడగండి. నేను మూసాపేటలో షెడ్డు నడుపుతాను. ఇంజన్ కిందికి దింపాల్సిన స్థితిలో వచ్చే బళ్లలో చాలావాటికి జబ్బు నెలల ముందే కనిపించి ఉంటుంది. ఆయిల్ తగ్గితే ఎవరో పోశారు, కూలెంట్ తగ్గితే ఎవరో నీళ్లు పోశారు, అంతే. ఇంజన్ మాత్రం లోపల తినేసుకుంటూనే ఉంది.

బానెట్ ఎత్తే ముందు ఒక జాగ్రత్త. రేడియేటర్ అంటే కూలెంట్‌ని చల్లార్చే జాలీ. దాని ముందో వెనకో ఉండే ఫ్యాను ఎలక్ట్రిక్ ఫ్యాను. కొన్ని బళ్లలో ఇంజన్ ఆపాక కూడా వేడిని బట్టి అది హఠాత్తుగా తిరగడం మొదలవుతుంది. చున్నీ, వేలాడే చేతులు, మెడలో ఆఫీసు ఐడీ కార్డు తాడు అక్కడికి వెళ్లకూడదు. బానెట్‌ని నిలబెట్టే రాడ్ దాని గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసుకుని అప్పుడు తల లోపల పెట్టండి.

ఇంజన్ ఆయిల్

బండి సమతలంగా నిలబడి ఉండాలి. మన అపార్ట్‌మెంట్ సెల్లార్ల ర్యాంపు మీద చూస్తే లెక్క తప్పుతుంది. రాత్రంతా ఆగిన బండి అయితే మంచిది. ఇప్పుడే తిప్పి ఉంటే పది నిమిషాలు ఆగండి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. పసుపు లేదా నారింజ పిడి ఉన్న గేజ్ (ఆయిల్ మట్టం కొలిచే సన్నటి పొడవాటి రేకు) బయటికి లాగండి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేదాన్ని నమ్మకండి, దాని ఒంటినిండా ఆయిల్ పూసుకుని ఉంటుంది. శుభ్రంగా తుడిచి, పూర్తిగా లోపలికి దింపి, మళ్లీ లాగండి. చివర రెండు గుర్తులుంటాయి. ఆయిల్ తడి ఆ రెంటి మధ్య ఉంటే బాగున్నట్టే. సగానికి పైన ఉంటే ఇంకా నయం.

చాలా చిన్న కార్లలో కింది గుర్తుకీ పై గుర్తుకీ మధ్య తేడా దాదాపు ఒక లీటరు. అందుకని తక్కువ ఉందని డబ్బా మొత్తం ఒంపేయకండి. పావు లీటరు పోయండి, కాసేపు ఆగండి, మళ్లీ గేజ్ చూడండి. పై గుర్తు దాటినా ప్రమాదమే. ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌లో మునిగి చిలికితే నురగ వస్తుంది, నురగ లోహాన్ని కాపాడలేదు.

రంగు గురించి అందరూ భయపడతారు. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది, అది మామూలే. పెట్రోల్‌లో తేనె రంగు నుంచి మెల్లగా ముదురు గోధుమ రంగుకి వస్తుంది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. ఇసుకలా గరుగ్గా తగిలినా, ఎండలో పెడితే వెండి పొడిలా మెరిసినా మెకానిక్‌కి చూపించండి. గేజ్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే బండి స్టార్ట్ చేయకండి, కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. అయితే ఆయిల్ పోసే మూత లోపల మాత్రమే కాస్త పసుపుపచ్చని మీగడ లాంటిది కనిపించి, గేజ్ శుభ్రంగా ఉంటే కంగారు పడక్కర్లేదు. వానాకాలంలో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బళ్లలో ఆవిరి అక్కడ పేరుకుంటుంది. ఒకసారి ఔటర్ రింగ్ రోడ్డు మీద అరగంట నడిపితే పోతుంది.

ఆయిల్ ఎంత త్వరగా తగ్గుతోందన్నది అసలు సంగతి. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య కాస్త తగ్గడం పాత ఇంజన్లలో ఉంటుంది. వెయ్యి కిలోమీటర్లకే పై గుర్తు నుంచి కింది గుర్తుకి దిగితే మాత్రం కారుతోందో, కాలిపోతోందో తేల్చాలి. బండి ఆగే చోట ఒక రాత్రి కింద పాత అట్టముక్క పరచండి. చుక్కలు పడితే కారుతున్నట్టు. పడకపోతే, పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు ఒకరిని సైలెన్సర్ వెనక నిలబెట్టి పొగ చూడమనండి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది.

తగ్గడమే కాదు, పెరగడం కూడా లెక్కలోకి తీసుకోండి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బళ్లలో మసిని కాల్చే ఫిల్టర్ ఉంటుంది. ఎప్పుడూ ట్రాఫిక్‌లో చిన్న చిన్న దూరాలే తిరిగితే ఆ కాల్చే పని మధ్యలోనే ఆగిపోయి, డీజిల్ కొంచెం కొంచెంగా ఆయిల్‌లోకి దిగుతుంది. గేజ్ మీద మట్టం పెరిగి, ఆయిల్ డీజిల్ వాసన కొడుతుంటే ఆయిల్ మార్చాల్సిందే. మీది పెట్రోల్ కాబట్టి మీకు ఈ బాధ లేదు, చదివే మిగతావాళ్ల కోసం చెప్పాను.

"మన ఎండలకి చిక్కటి ఆయిల్ పోయాలి" అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వినకండి. ఇంజన్ నడుస్తున్నప్పుడు థర్మోస్టాట్ అనే వాల్వు కూలెంట్‌ని దాదాపు 90 డిగ్రీల దగ్గర పట్టి ఉంచుతుంది, బయట మే నెలైనా డిసెంబరైనా. బండితో వచ్చిన పుస్తకంలో ఆయిల్ చిక్కదనం 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయాలి, 5డబ్ల్యూ-30 అని ఉంటే అదే. ఇప్పటి ఇంజన్ల సందులు ఆ ఆయిల్ పలుచదనాన్ని లెక్క వేసుకునే చేశారు.

కూలెంట్

వేడి బండిలో రేడియేటర్ మూత ఎప్పుడూ తిప్పకండి. లోపల ఒత్తిడి ఉండడం వల్ల నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి. మూత వదులైన క్షణంలో ఆ ఒత్తిడి పోతుంది, అంతా ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ కప్పి తిప్పితే ఏం కాదన్నది తప్పు. చేతులు, మెడ కాలినవాళ్లని నేను చూశాను.

మీరు మూత తీయాల్సిన అవసరమే లేదు. పక్కన తెల్లటి పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది, దాని మీద కింది గీత, పై గీత ఉంటాయి. టార్చ్ వెనకనుంచి వేస్తే మట్టం తెలుస్తుంది. చల్లటి బండిలో ఆ రెండు గీతల మధ్య ఉండాలి. మూడు నెలలు చూసినా కదలకపోతే మీ కూలింగ్ బాగున్నట్టు. ప్రతి రెండు వారాలకీ వేలెడు తగ్గుతుంటే బాగా లేనట్టు.

నిజాంపేట నుంచి ఒకాయన వచ్చారు. "అన్నా, ఎన్నిసార్లు పోసినా మల్ల తక్కువైతుంది, కింద చుక్క గూడ పడ్తలేదు" అన్నారు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ బండి కడిగినప్పుడల్లా బోరు నీళ్లతో ఆ డబ్బా నింపుతున్నాడు, మంచిపనే చేస్తున్నాననుకుని. డబ్బా లోపల టీ గ్లాసు అడుగున పడే మరకలా గోధుమ రంగు వలయం. చల్లారాక రేడియేటర్ మూత తీసి టార్చ్ వేస్తే, లోపలి సన్నని గొట్టాల నోళ్ల దగ్గర తెల్లటి సున్నం పొక్కులు పొక్కులుగా పేరుకుని, కొన్ని నోళ్లు పూర్తిగా మూసుకుపోయాయి. పొద్దున స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ, తియ్యటి వాసన. ఇంజన్ పై భాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య బిగించే హెడ్ గ్యాస్కెట్ సన్నగా చీలి, కూలెంట్ సిలిండర్‌లోకి దిగి కాలిపోతోంది. కింద చుక్క పడకపోవడానికి కారణం అదే. మొదటి నెలలోనే వచ్చి ఉంటే రేడియేటర్ శుభ్రం చేయడంతో సరిపోయేది. ఆలస్యం వల్ల హెడ్ విప్పి, చదును చేయించి, గ్యాస్కెట్ మార్చాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో చాలా చోట్ల బోరు నీళ్లు బాగా కఠినంగా ఉంటాయి. గీజర్ కాయిల్ మీద పేరుకునే సున్నమే రేడియేటర్‌లోనూ పేరుకుంటుంది. కాబట్టి కూలెంట్ అంటే కూలెంటే పోయాలి. కలిపి అమ్మే రకం నేరుగా పోయొచ్చు, గాఢంగా ఉండే రకం డబ్బా మీద చెప్పిన పాళ్లలో డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేరువేరు రసాయనాలు ఉంటాయి. పుస్తకంలో చెప్పిన రకం అడగండి. దారిలో ఇబ్బందిలో పడితే తాగే నీళ్లు పోసి ఇంటికి చేరడం తప్పు కాదు, కానీ చేరాక దాన్ని తీయించేసి కొత్త కూలెంట్ నింపించండి.

చల్లటి బండిలో రేడియేటర్ పైన, కింద ఉండే లావు రబ్బరు పైపుల్ని వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా, స్ప్రింగులా తిరిగి రావాలి. మెత్తగా ఉబ్బినా, క్లిప్పు దగ్గర పగుళ్లున్నా మార్పించండి. అతుకుల చుట్టూ ఆకుపచ్చగానో గులాబీగానో తెల్లగానో ఎండిన పొరలా కనిపిస్తే అక్కడ కారి ఆరిపోయిందన్నమాట.

ఎండాకాలంలో కారు కింద నీళ్లు చూసి చాలామంది పరుగెత్తుకొస్తారు. వేలితో ముట్టుకోండి. రంగు, వాసన, జారుడు ఏవీ లేకపోతే అది ఏసీ నీరు, అది పడాలి కూడా. ముందు సీటు కింద కార్పెట్ తడిసి తియ్యటి వాసన వస్తుంటే మాత్రం హీటర్ దగ్గర కూలెంట్ కారుతుండవచ్చు. ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయినా కార్పెట్ తడుస్తుంది, కాకపోతే అప్పుడు వాసన వేరు.

బ్రేక్ ఆయిల్

డ్రైవర్ వైపు, అద్దానికి దగ్గరగా చిన్న డబ్బా ఉంటుంది, మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో రాసి ఉంటుంది. బయటినుంచే మట్టం చూడండి, మూత ఊరికే తెరవకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కిన ఆయిల్ గట్టిగా బ్రేకులు వేసినప్పుడు త్వరగా మరిగి ఆవిరవుతుంది, పెడల్ కిందికి జారిపోతుంది. అందుకే మట్టం బాగున్నా సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించాలి.

ఇక్కడ తగ్గడానికి రెండు కారణాలే. ఒకటి, బ్రేక్ ప్యాడ్లు అరగడం. ప్యాడ్ సన్నబడే కొద్దీ దాన్ని నెట్టే బ్రేక్ పిస్టన్ ముందుకొస్తుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది. నెలల తరబడి మెల్లగా తగ్గుతుంటే ఇదే. రెండోది కారడం. వారంలోనే తగ్గినా, ఏదైనా చక్రం లోపలివైపు తడిగా ఉన్నా, పెడల్ మెత్తబడినా బండి కదిలించకండి, మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

ఒకావిడ బండి ప్రతిసారీ వాటర్ వాష్‌కి వెళ్లినప్పుడు అక్కడి కుర్రాడు బ్రేక్ ఆయిల్ పై గీత దాకా నింపి పంపేవాడు. ఆవిడకి మట్టం ఎప్పుడూ నిండుగానే కనిపించింది. నా దగ్గరికి వచ్చేసరికి ప్యాడ్లు అరిగిపోయి ఇనుము డిస్కుకి రాసుకుంటోంది. కొత్త ప్యాడ్లు పెట్టడానికి పిస్టన్లు వెనక్కి నెడితే, ఎక్కువగా పోసిన ఆయిలంతా డబ్బా నుంచి పొంగింది. అది పెయింట్ మీద పడితే పెయింట్‌ని తినేస్తుంది, వెంటనే నీళ్లతో కడిగేయాల్సి వచ్చింది. తగ్గుతున్న మట్టం ప్యాడ్లు చూడమని చెబుతుంది. పైన పోస్తే ఆ మాట వినిపించదు.

బ్యాటరీ

మన దగ్గర బ్యాటరీని చంపేది ఎండ. 40 డిగ్రీల వేసవిలో, వేడి ఇంజన్ పక్కన ఉండి దెబ్బతింటుంది, కానీ ఆ సంగతి డిసెంబర్ పొద్దున సెల్ఫ్ కొట్టినప్పుడు బయటపడుతుంది. మూడేళ్లు దాటిన బ్యాటరీని ప్రయాణానికి ముందు టెస్ట్ చేయించండి, చాలా బ్యాటరీ షాపుల్లో అక్కడికక్కడే చేస్తారు. ఇంట్లో చిన్న మల్టీమీటర్ ఉంటే రాత్రంతా ఆగిన బండిలో దాదాపు 12.6 వోల్టులు చూపాలి. 12.2కి దిగితే సగం ఖాళీ అయినట్టు. ఇంజన్ నడుస్తుంటే మామూలుగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటుంది.

సెల్ఫ్ కొడితే "టక్ టక్" అని మాత్రమే వచ్చిందంటే వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పట్టి ఉందేమో చూడండి. చేత్తో కదిపితే క్లాంపు కదులుతోందా? చాలాసార్లు అంతే. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్లతో పాత టూత్ బ్రష్ పెట్టి రుద్దితే పోతుంది. ఆరాక పైన పల్చగా వాసెలిన్ రాయండి. క్లాంపు విప్పాల్సి వస్తే మైనస్ ముందు తీయండి, చివర్లో బిగించండి. ప్లస్ ముందు విప్పితే పానా బండి ఒంటికి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

మిగిలినవి

ఎయిర్ ఫిల్టర్ డబ్బా చాలా బళ్లలో క్లిప్పులతోనే తెరుచుకుంటుంది. ఫిల్టర్ తీసి నేల మీద మెల్లగా కొట్టండి, టార్చ్‌కి అడ్డం పెట్టి చూడండి. వెలుతురు కనిపించకపోతే మార్చండి. మెట్రో పనులు, ఫ్లైఓవర్ పనులు జరిగే దారిలో రోజూ తిరిగే బండికి పుస్తకంలో చెప్పిన దానికన్నా ముందే అవసరం పడుతుంది. ఫ్యాన్ బెల్టు (పేరు పాతది, ఇంజన్ పక్కన తిరిగే రబ్బరు బెల్టు) మీద అడ్డంగా పగుళ్లు, అంచు పోగులు, పొద్దున కీచుమనే శబ్దం ఉంటే మార్చే సమయం వచ్చినట్టే. ఇంజన్ ఆపి ఉన్నప్పుడే చూడండి. అద్దం కడిగే నీళ్ల డబ్బాలో బట్టల సర్ఫ్ వేయకండి, నాజిల్ మూసుకుపోతుంది.

ఎలుకల గురించి ఎవరూ చెప్పరు, కానీ మన సెల్లార్లలో ఇది పెద్ద సమస్య. బానెట్ లోపలి గుడ్డ చిరిగి దూది రాలడం, బ్యాటరీ పక్కన రొట్టె ముక్కలు, ఉల్లిపొట్టు, నల్లటి పెంటికలు కనిపిస్తే వైర్లు కొరికిందేమో వెతకండి. ఇంజన్ లైటు వెలిగి సెన్సర్ మార్చాలని ఎవరన్నా అంటే, ముందు ఆ సెన్సర్ వైరు చూపించమనండి. పొగాకు కాడలు పెట్టడం కొందరికి పనిచేసింది, కొందరికి లేదు. వారంలో రెండుసార్లు బానెట్ ఎత్తి శుభ్రం చేయడం, చెత్త డబ్బాకి దూరంగా నిలపడం బాగా పనిచేస్తుంది.

వానల్లో బండి నీళ్లలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టకండి. 2020 అక్టోబర్ వరదల తర్వాత షెడ్లకి వచ్చిన బళ్లలో చాలా ఇంజన్లు నీళ్లలో మునగడం వల్లకన్నా, మునిగాక స్టార్ట్ చేయడం వల్ల పోయాయి. ఇంజన్ లోపలికి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు, పిస్టన్ పైకి వచ్చి దానికి గుద్దుకుని, పిస్టన్‌ని పట్టి ఉంచే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఎయిర్ ఫిల్టర్ తడిగా ఉంటే తోసుకునో, టో చేయించుకునో షెడ్డుకి తేవాలి. ఇన్సూరెన్స్‌లో ఇంజన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ ఉందో లేదో వానాకాలం రాకముందే చూసుకోండి.

ఏసీ గొట్టాలు, ఇగ్నిషన్ కాయిల్స్ ముట్టుకోవద్దు. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్లలో నారింజ రంగు తీగల జోలికి అసలు పోవద్దు. వాటర్ వాష్ వాళ్లు ఇంజన్ మీద ప్రెషర్ నీళ్లు కొడతామంటే వద్దనండి, కనెక్టర్లలోకి నీరు దిగుతుంది. సర్వీసులో ఏదైనా పార్టు మార్చాలంటే పాతది చూపించి, చేతికి ఇమ్మని అడగండి. ఇంజన్ ఫ్లష్, కోటింగ్ లాంటివి బిల్లులో కనిపిస్తే పుస్తకంలో ఏ పేజీలో ఉందో అడగండి. లేకపోతే తీసేయించండి.

ఇక సంక్రాంతి. విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర పండగ రద్దీలో బళ్లు పాకుతూ వెళ్తాయి, ఏసీ నిండుగా ఉంటుంది, గాలి ఉండదు. కూలింగ్‌లో ఏ చిన్న లోపం ఉన్నా అక్కడే బయటపడుతుంది. వేడి ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తి వేడికి తిప్పి బ్లోయర్ పెంచండి. క్యాబిన్ ఉడికిపోతుంది కానీ ఇంజన్ వేడి కొంత బయటికి వస్తుంది. ముల్లు ఎర్ర గీత చేరినా, ఎర్ర లైటు వెలిగినా పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి. ఇంజన్ మీద చల్లటి నీళ్లు కుమ్మరించకండి, హెడ్ పగలవచ్చు. కనీసం అరగంట, వీలైతే ఇంకా ఎక్కువ ఆగాకే కూలెంట్ డబ్బా చూడండి.

ఈ ఆదివారం పొద్దున ఒకసారి చూసి, గేజ్‌నీ కూలెంట్ డబ్బానీ వెలుతురులో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, చివరి ఆయిల్ మార్పు ఎప్పుడు అన్నది కూడా రాయండి. రెండు వారాల తర్వాత అదే చోట నిలబెట్టి తీసిన ఫోటో ఇంకొకటి పెడితే, ఏది తగ్గుతోందో చూసి చెబుతాను.